గేటు మీద అంకె

బోర్డు: 341

కాగితం మీద రాస్తున్నా. కంపెనీ ఇచ్చిన పలకలో రాస్తే వాళ్ళు చదువుతారు. చదవరని సైటు మేనేజరు ముత్యాలరావు ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు, నేను అడక్కుండానే. అందుకే కాగితం.

నా పేరు దేరంగుల సుంకులమ్మ. ఇరవై మూడేళ్ళు. మాది బేతంచెర్ల. మా తాత, నాయన, అమ్మ, అందరూ నాపరాళ్ళ గనుల్లో రాయి కొట్టినవాళ్ళే. మనిషి లేని యంత్రాలు గనుల్లోకి దిగాక మా ఇంట్లో సమ్మెట గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికే మిగిలింది. బడి ఐదో తరగతితో సరి. తర్వాత చదివిందంతా పాత యంత్రాల మాన్యువళ్ళే. ఇంగ్లీషు అట్లానే వచ్చింది.

ఇప్పుడున్నది పెరూ కొండల్లో, కిల్వపంప అనే ఊరి పైన. నాలుగు వేల మీటర్ల ఎత్తు. నాలుగడుగులు వేస్తే ఊపిరి అడుక్కోవాలి. ఇన్కాలు కట్టిన ఇరవై ఏడు గిడ్డంగులు వాలు మీద వరసగా, గుండ్రంగా నిలబడి ఉన్నాయి. బొమ్మల్లో చూపించే నున్నటి పెద్ద రాళ్ళ గోడలు కావివి. చేతికి దొరికిన రాయి, మట్టి, సందుల్లో బిగించిన పలచటి చెక్కరాళ్ళు. కానీ కట్టినవాడికి బుర్ర ఉంది. నేల కింద కాలవలు తీశాడు. కొండగాలి కిందనుంచి దూరి, లోపల దాచే దుంపల మధ్యగా పైకెక్కి, పైసందులోంచి పోతుంది. ఆరువందల ఏళ్ళనాటి కట్టడం. ఇప్పటికీ లోపలికి పోతే వేళ్ళు కొంకర్లు పోతాయి. బయట మంచుకొండలన్నీ కరిగి నల్లబడిపోయినా లోపల మాత్రం చలి చెక్కు చెదరలేదు.

కంపెనీ సినిమా వేసి చూపించింది. రాజులు, బంగారం, రాజులు. గోడ కట్టినవాడి మాట ఒక్కటి లేదు.

నా పని చెత్త తీయడం. ‘కన్ను’ అని ఒక యంత్రం ఉంది. పీతలా గోడల మీద పాకుతూ ప్రతి రాయినీ లోపలిదాకా చూసి రాసుకుంటుంది. అది రాకముందే నేను గడ్డి పీకాలి, పిట్టగూళ్ళు తీయాలి, సందుల్లో కొత్తగా కనిపించే చెక్కరాళ్ళు ఊడబీకి బకెట్లో వేయాలి. ఆ తర్వాత పలకలో ‘కొత్త పని: లేదు’ అని నొక్కాలి.

ఇవ్వాళ పంతొమ్మిదో గిడ్డంగిలో నాలుగు చెక్కరాళ్ళున్నాయి. నిన్న అక్కడ ఒక్కటీ లేదు. రాలి పడినవి కావు, కొట్టి దించినవి. దెబ్బ తాజాగా ఉంది. ఎవరో పనిగట్టుకుని నా పని చెడగొడుతున్నారు.

బోర్డు: 343

పట్టుకున్నా. తెల్లారకముందే పోయి ఇరవయ్యో గిడ్డంగి చాటున కూర్చున్నా. కంచె కింద వాననీళ్ళ కాలవలోంచి ఒక ముసలామె పాక్కుంటూ వచ్చింది. తలమీద టోపీ, వీపున రంగుల గుడ్డ మూట. నేరుగా పంతొమ్మిదికే పోయింది. గోడకు చెవి ఆనించి విన్నది. మూటలోంచి చెక్కరాయి తీసి, గుండ్రాయితో రెండు దెబ్బలు. మూడో దెబ్బ కొట్టలేదు. మూడో దెబ్బ కొడితే మట్టి చిట్లుతుందని తెలిసినవాళ్ళే రెండుతో ఆపుతారు. మా నాయనా అంతే.

అది చూసి ఒక్క నిమిషం ఊరుకున్నా. తర్వాత మూట గుర్తొచ్చింది. రాళ్ళు తెస్తోందా, తీసుకుపోతోందా?

ఆ చెక్కరాయి ఊడబీకి బకెట్లో వేసి, ముత్యాలరావుకు చెప్పేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. “భలే పని చేశావమ్మాయ్” అని సొరుగులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. సాయంత్రానికల్లా కాలవకు ఇనప జాలీ పడింది. ఇకమీదట కంచె లోపలికి రావాలంటే మెడలో కంపెనీ బిళ్ళ ఉండాలట.

చాక్లెట్ ఎందుకిచ్చాడో అర్థం కాలేదు. నాలుగు చెక్కరాళ్ళ దొంగకు అంత సంబరమా?

బోర్డు: 346

ఎత్తుడు యంత్రం నడిపే లాలెప్పది ఆదోని పక్క పల్లె. ఇంత దూరంలో నాతో మా యాసలో మాట్లాడేది అతనొక్కడే. మధ్యాహ్నం గొలుసు జారి అతని ఎడమచేతి ఉంగరం వేలు కణుపు దాకా పోయింది. కట్టు కట్టించుకుని వచ్చి గేటు దగ్గర కూర్చుని బోర్డు వైపు చూపించాడు.

“మూడొందల నలభై ఆరు రోజులు మే. నా దెబ్బకు రేప్పొద్దున సున్నా. అందరికీ బోనస్ పోతాది, నన్ను తంతారు సూడు.”

ప్రతి క్వారీ గేటు మీదా ఇట్లాంటి బోర్డుంటుంది. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు గడిచాయని. ఎవరికైనా దెబ్బ తగిలితే సున్నాకు దించుతారు. ఇక్కడి బోర్డు మీద అక్షరాలు లేవు, అంకె ఒక్కటే. మేమంతా అదేననుకున్నాం.

బోర్డు: 347

సున్నా కాలేదు.

లాలెప్ప చాలాసేపు దాని కింద నిలబడ్డాడు. “నా వేలు లెక్కలోకి రాలేదు మే. నాది ప్రమాదం కాదంట” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముత్యాలరావు దగ్గరికి పోయి ఆ అంకె దేనికని అడిగాను. అది పై ఆఫీసువాళ్ళ వ్యవహారమని, మన పరిధిలోది కాదని, అయినా నా అంత శుభ్రంగా పనిచేసే పిల్లను ఈ సైటులో చూడలేదని అన్నాడు.

అడిగినదానికి జవాబు చెప్పకుండా పొగిడేవాడితో జాగ్రత్తగా ఉండాలి.

బోర్డు: 350

సెలవు రోజు. ముసలామె ఇంట్లో మా రాళ్ళున్నాయేమో చూద్దామని కిందికి దిగాను. చెవికి అనువాదం చేసే గుండీ పెట్టుకున్నా. అది ఎవరి మాటనైనా పుస్తకాల తెలుగులో చెబుతుంది. ఏ కాలం పంతులు నేర్పాడో దానికి.

ఆమె పేరు సతుర్నీనా. ఇంట్లో ఒక్క రాయి లేదు. ఇంటి వెనక మైదానంలో గడ్డి మీద పరిచిన ఉర్లగడ్డ దుంపలు మాత్రం వేలున్నాయి, రాత్రి చలికి గడ్డకట్టి, పొద్దుటి ఎండకు మెత్తబడి. ఆమె వాటిని కుప్పలు చేసి ఉత్తకాళ్ళతో తొక్కుతోంది. ఒక్కతే. ఆమెను పట్టించింది నేనేనని ఆమెకు తెలుసు. మొహం చూడగానే తెలిసిపోయింది. అయినా ఆమె అన్నది ఒక్కటే మాట. గుండీ చెవిలో చెప్పింది: “పాదరక్షలు విడువుము.”

ఎందుకు విడువవలె అని అడగబోయేలోగా ఆమే చెప్పింది. సంవత్సరానికి గడ్డకట్టే రాత్రులు ఇప్పుడు ఆరే వస్తాయట, ఒకప్పుడు అరవై. ఈ ఆరు రోజుల్లో తొక్కి, నీళ్ళు పిండి, ఎండబెట్టకపోతే అన్నీ కుళ్ళిపోతాయి. బూట్లు విప్పాను. కాళ్ళు మొద్దుబారే దాకా తొక్కాను. దుంపలోంచి నీళ్ళు వేళ్ళ సందుల్లోకి జిగురుగా వస్తాయి. సాయంత్రానికి మోకాళ్ళు నావి కావు.

మధ్యలో అడిగాను, గోడ జోలికి ఎందుకు పోతున్నావవ్వా అని. ఒక్కో గిడ్డంగిని ఒక్కో ఇంటివాళ్ళు చూసుకుంటారట, ఎన్ని తరాలుగానో ఆమెకూ తెలీదు. పంతొమ్మిది వాళ్ళది. విత్తనం దుంపలు అందులోనే దాచాలి. ఇంట్లో పెడితే ఈ వేడికి పుచ్చిపోతాయి. నిరుడు కంపెనీ వచ్చి ఒక్క ఏడాది ఎవరూ లోపలికి రావద్దు, కొలుచుకుని మళ్ళీ మీకే ఇచ్చేస్తాం అన్నది. ఊళ్ళో అందరి చేతి ముద్రలూ తీసుకుంది. అందరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాది విత్తనం ఇళ్ళల్లో పెడితే సగం పోయింది.

“రెండవ సంవత్సరము ఇట్లే గడచినచో నాటుటకు ఏమియు మిగలదు” అన్నది గుండీ. ఆమె మాత్రం దుంప తొక్కుతూ మామూలుగా చెప్పింది, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

పోయేటప్పుడు నాకు ఉడకబెట్టిన దుంపలు పెట్టి, ఉన్ని దారం తీసి దానికి ఒక ముడి వేసి చూపించింది. ఐని, అన్నది. దానికి గుండీ దగ్గర మాట లేదు. చేతులతో చెప్పింది: నువ్వు నాకు ఒక రోజు, నేను నీకు ఒక రోజు. మా పక్క దాన్నే బదులు పోవడం అంటాం. ఇవ్వాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. మా అమ్మ చిన్నప్పుడు ఉండేదట.

నాకు ఎవరూ ఏదీ ఊరకే ఇవ్వరు. ఈమె నాకు రోజు బాకీ పడి ఏం లాగుతుందో చూడాలి.

బోర్డు: 354

పెట్టెలు దిగాయి. నాలుగువందల చెక్కపెట్టెలు, లోపల మెత్తటి స్పాంజి. లాలెప్ప ఒంటిచేత్తో దించుతున్నాడు. ఎందుకన్నా ఇవి అంటే, “కొలిచే సామాను వస్తాదంట మే” అన్నాడు.

ఖాళీ పెట్టెల్లో సామాను రాదు, పోతుంది.

ఇవ్వాళ నాకు కొత్త పని చెప్పారు. ఒక్కో రాయికి లోపలివైపు తెల్లరంగుతో నంబరు వేయాలి. పై వరస నుంచి కిందికి. నేను రాయి కులం దాన్ని. మా తాత కాలంలో పాత కోట గోడను విప్పి ఎవరో సేటు బంగళాకు పట్టుకుపోయారు. నంబర్లు వేసింది మా తాతే, అట్లానే పైనుంచి కిందికి. నిలబడే గోడకు ఎవడూ నంబర్లు వేయడు.

బోర్డు: 358

ఒప్పందం చదివాను. మేమందరం బొటనవేలు ఆనించిన అరవై ఒక్క పేజీల ఒప్పందం. చిన్న అక్షరాలు, పెద్ద ఇంగ్లీషు. మూడు రోజులు పట్టింది. మాలో ఎవరూ చదవరని వాళ్ళ ధీమా.

నలభై నాలుగో పేజీలో ఉంది. ఏదైనా పాత కట్టడం మీద వరసగా మూడువందల అరవై ఐదు రోజులు ఆ ఊరి మనుషుల చెయ్యి పడకపోతే దాన్ని మృత కట్టడం అంటారు. మృత కట్టడాన్ని కొలిచిన కంపెనీ విప్పి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఊరి మనిషి కొత్తగా ఒక్క రాయి బిగించినట్టు కన్ను చూస్తే లెక్క మళ్ళీ సున్నా. కన్ను చూసింది నేరుగా ప్రపంచ వారసత్వ కార్యాలయానికి పోతుంది, మధ్యలో కంపెనీ చెరపలేదు.

చెరపలేదు కాబట్టే, కన్ను చూడకముందే ఊడబీకడానికి ఒక మనిషిని పెట్టుకుంది. ఆ మనిషిని నేనే. ఇన్ని రోజులుగా నేను బకెట్లకు బకెట్లు తీసి లోయలో పారబోసింది ఆ ఊరి ప్రాణం. గేటు మీద ఉన్నది చావుకు లెక్క. నేను పొద్దున్నే దాని కింద నిలబడి పళ్ళు తోముకున్నా.

చాక్లెట్ ఎందుకో ఇప్పుడు తెలిసింది. తిన్నది కూడా నేనే.

బోర్డు: 361

నేనే చెక్కరాళ్ళు తెచ్చి తిరిగి బిగిద్దామనుకున్నా. కుదరదు. కన్ను రాయి మీద చేతి జాడ పట్టుకుంటుంది. నాది ఆ ఊరి చెయ్యి కాదు. ముద్ర తీసిన వాళ్ళ చెయ్యే లెక్క.

కంచె దాటడానికి ఊరివాళ్ళ దగ్గర బిళ్ళలు లేవు. నేను వారసత్వ కార్యాలయానికి ఉత్తరం రాస్తే అది కంపెనీ పలకలోంచే పోవాలి. లాలెప్పకు చెప్పాలా? అతనికి వేలు పోయింది, ఇంకా నాలుగు నెలల జీతం రావాలి. చెప్పలేదు. అతన్ని కూడా అనుమానించానని ఇక్కడ రాసుకుంటున్నా. మంచివాడు, కానీ భయంలో ఉన్నాడు. భయంలో ఉన్నవాడి నోరు అతనిది కాదు.

ఒప్పందం మళ్ళీ మొదటినుంచి చదువుతున్నా.

బోర్డు: 362

దొరికింది. పదిహేడో పేజీ. కూలీకి జ్వరమొస్తే ఒక రోజుకు తన బిళ్ళ ఇచ్చి తన బదులు ఇంకొకర్ని బదిలీ కూలీగా పంపవచ్చు. ఆ రోజు ఆ మనిషి చేసిన పనంతా కంపెనీ చేయించిన పనిగానే లెక్క, చొరబాటు అనడానికి వీల్లేదు. బదిలీ మనిషి ఎవరై ఉండాలో రాయలేదు. ఒక్క రోజు కూడా పని ఆగకూడదన్న ఆశతో వాళ్ళే రాసుకున్నారు.

నాకు ఆ ఊళ్ళో ఒక రోజు రావలసి ఉంది.

బోర్డు: 363

పని దిగాక ఊళ్ళోకి పోయాను. గుండీ తీసి గుడిసెలోనే వదిలేశా. అది ఎవరికి చెబుతుందో నాకు తెలీదు.

సతుర్నీనా ఎండిన దుంపలు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని ఒక వేలు చూపించాను. నా రోజు నాకు ఇవ్వు అని. ఆమె అట్లానే చూసింది. మెడలో బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాను. కొండ మీది పంతొమ్మిదిని చూపించాను. నేల మీద చెక్కరాయి పెట్టి, రాయితో రెండు దెబ్బలు కొట్టి, ఆపాను. మూడోది కొట్టలేదు.

అప్పుడు ఆమె కళ్ళలో ఏదో మారింది. బిళ్ళను వెనకకూ ముందుకూ తిప్పి చూసి, పళ్ళతో కొరికి, రవికలో దోపుకుంది. మళ్ళీ దుంపలు ఏరడం మొదలుపెట్టింది.

తిరిగి ఎక్కుతుంటే అనుమానం పట్టుకుంది. పట్టించినదాన్ని ఆమె ఎందుకు నమ్మాలి? ఆమెను నేనెందుకు నమ్మాలి? బిళ్ళ తీసుకుపోయి ముత్యాలరావుకు ఇస్తే ఆమెకు కొత్త పొయ్యి వస్తుంది, కరెంటు వస్తుంది. నేనైతే ఏం చేసేదాన్ని?

బోర్డు: 364

జ్వరమని పలకలో నొక్కి, దుప్పటి కప్పుకుని పడుకున్నా. బదిలీ పేరు దగ్గర ‘చుట్టాలామె’ అని రాశాను.

మా గుడిసెలు కంచె బయటే, తలుపు తీస్తే గేటు కనిపిస్తుంది. ఎనిమిదికి గేటు దగ్గర బిళ్ళ మోగిన చప్పుడు వినిపించింది. ఎవరు వచ్చారో కనపడలేదు. గంట గడిచింది. కన్ను గిడ్డంగుల మీదికి ఎక్కింది. అది పంతొమ్మిదికి చేరేసరికి పదకొండవుతుంది.

పదిన్నరకు ముత్యాలరావు వచ్చాడు. తలుపు మధ్య నిలబడ్డాడు. చేతిలో పళ్ళ సంచి. ఇట్లాంటి చలిలో ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలమ్మాయ్ అన్నాడు. రేపటితో ఇక్కడి పని అయిపోతుందని, ఇంకో సైటులో నన్ను మేస్త్రీని చేయమని పైవాళ్ళకు రాశానని, నా లాంటి పిల్లకు మంచి భవిష్యత్తు ఉందని చెప్పాడు. మా అమ్మ ఆరోగ్యం గురించి అడిగాడు. నేను మా అమ్మ సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు.

ఆయన భుజం మీదుగా బోర్డు కనిపిస్తోంది. 364. నేను దాన్నే చూస్తున్నా. నీళ్ళు తాగుతావా అన్నాడు. తాగుతానన్నా. ఆయన గ్లాసులో నీళ్ళు పోసిచ్చాడు. చల్లగా ఉన్నాయి. అంకె కదల్లేదు.

ఆమె రాలేదనుకున్నా. బిళ్ళ మోగింది వేరే ఎవరిదో. నాలాంటిదాన్ని ఎవరు నమ్ముతారు?

“ఏం చూస్తున్నావమ్మా అట్లా?” అన్నాడు.

అప్పుడే అది ఆరిపోయింది. కాసేపు నల్లగా ఉండి మళ్ళీ వెలిగింది. ఒకే ఒక్క అంకె.

“మీ బోర్డు సార్,” అన్నా. “చూసుకోండి.”

ఆయన వెనక్కి తిరిగాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపించింది. సంచిలోంచి ఒక నారింజ కింద పడి దొర్లుకుంటూ వచ్చి మంచం కిందికి పోయింది. ఆయన వంగి తీసుకోలేదు.

బోర్డు: 0

పనిలోంచి తీసేశారు. ఒప్పందం ప్రకారం నేను తప్పేమీ చేయలేదు కాబట్టి జైలు లేదు, జీతం ఆపారు. మూడు రోజుల్లో కిందికి బండి ఉందట. లాలెప్ప వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. “నా వేలు చేయలేని పని చేసినావు మే” అన్నాడు. ఇంకేం అడగలేదు. నేను చెప్పనందుకు కోపం వచ్చినట్టుంది, వస్తే రానీ.

కంచె ఇంకా ఉంది. పెట్టెలు ఇంకా ఉన్నాయి. మళ్ళీ ఒకటి, రెండు, మూడని లెక్క మొదలుపెడతారు. ఈసారి ఊరివాళ్ళకు ఆ అంకె దేనికో తెలుసు. పదిహేడో పేజీ, నలభై నాలుగో పేజీ చించి వాళ్ళకే ఇచ్చా.

సాయంత్రం సతుర్నీనా గేటు బయటికి వచ్చి నిలబడింది. గుండీ పెట్టుకోలేదు నేను. బిళ్ళ తిరిగి ఇచ్చింది, పంటిగాటుతో సహా. తర్వాత ఆ ఉన్ని దారం తీసి, నా రోజు ముడిని గోళ్ళతో విప్పింది. బాకీ చెల్లు. ఇక ఆమె నాకేమీ కాదు, నేను ఆమెకేమీ కాదు. పోతుందేమో అనుకున్నా.

ఖాళీ దారాన్ని నా కళ్ళ ముందు ఊపి, అది మంచిది కాదన్నట్టు తల అడ్డంగా ఆడించింది. చలి మళ్ళీ వచ్చింది. ఈ ఏడాదికి ఆరో రాత్రి, ఆఖరిది. కింద మైదానం నిండా దుంపలు పరిచి ఉన్నాయి, తెల్లారితే తొక్కాలి. నా బూట్ల వైపు వేలు చూపించింది.

మూడు రోజుల్లో పోయేదానితో మళ్ళీ బాకీ ఎందుకు పెట్టుకుంటుంది? తీర్చడానికి ఎక్కడికొస్తుంది? ఇందులో ఏదో తిరకాసు ఉంది. అదేమిటో తేల్చుకుందామని బూట్లు విప్పి, తాళ్ళు కట్టి మెడలో వేసుకుని, ఆమె వెనకే దిగాను.